వేగం కలవని భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు: సైకిల్ యాత్రను ఎలా ఏర్పాటు చేసుకోవాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. వచ్చే సెలవుల్లో మేము నలుగురం ఒక వారం పాటు సైకిళ్లపై తిరిగి రావాలనుకుంటున్నాము. మా వారు వంద కిలోమీటర్లు అలవోకగా తొక్కుతారు. నాకు ముప్పై దాటితే నడుము పట్టేస్తుంది. బాబుకు తొమ్మిదేళ్లు, సొంతంగా తొక్కుతాడు. పాపకు నాలుగేళ్లు. రోజుకు అరవై కిలోమీటర్లు పెట్టుకుందామని ఆయన అంటున్నారు, అది నాకూ బాబుకూ శక్తికి మించిన పని అని నేనంటున్నాను. మేమిద్దరమే వెళ్లినప్పుడు కూడా ఆయన ముందు వెళ్లిపోయి మలుపు దగ్గర ఆగడం, నేను రొప్పుకుంటూ చేరగానే మళ్లీ బయలుదేరడం మామూలైపోయింది. ఇందులో విశ్రాంతి ఎవరికి దక్కుతున్నదో మీరే చెప్పండి. దూరం, దారి, బండి ఎంపిక విషయంలో అనుభవమున్నవారు సలహా ఇవ్వగలరు.

మొదటి సమాధానం

నమస్కారమండీ. అరవై కిలోమీటర్లనేది ఇద్దరు పెద్దవాళ్లకు, అదీ చదునైన దారిలో, సబబైన లెక్క. తొమ్మిదేళ్ల పిల్లవాడి సైకిల్‌కు చక్రాలు చిన్నవి, గేర్లు తక్కువ కాబట్టి మీరు ఒకసారి తొక్కే చోట వాడు ఎక్కువసార్లు తొక్కాలి. అందుచేత పాతిక నుంచి ముప్పై అయిదు వరకు పెట్టుకుని, వారం మధ్యలో ఒక రోజు సైకిల్ ముట్టకుండా వదిలేయండి.

ఇక మీ వారి సంగతి. నెమ్మదిగా రమ్మని ఆయనను బతిమాలడం కంటే బరువంతా ఆయనకే అప్పగించడం మేలు. పాపను కూర్చోబెట్టి సైకిల్ వెనక తగిలించి లాగే చిన్న బండి (ట్రైలర్), అందులో పాప, నలుగురి సంచులు కలిపితే నలభై కిలోలకు అటూ ఇటూ అవుతుంది. అంత బరువు లాగుతున్నవారు చిన్న ఎక్కుడు వచ్చినా మీ వెనకే ఉంటారు, పైగా కండలకు పని దొరికిందన్న తృప్తి కూడా ఆయనకు మిగులుతుంది. సైకిల్ వెనక బిగించే పిల్లల సీటు కూడా ఉంది కానీ, చాలా సీట్లకు 22 కిలోలే పరిమితి. పైగా పాప నిద్రపోతే తల పక్కకు వాలిపోతుంది, బరువు ఎత్తులో ఉండడం వల్ల బండి ఆపినప్పుడు తూలుతుంది. ట్రైలర్‌లో పాప హాయిగా పడుకుంటుంది. అయితే అది వెడల్పైనది కనుక, వాహనాలు రాకుండా దారికి అడ్డంగా పాతిన స్తంభాల మధ్య నుంచి పడుతుందో లేదో ముందే తెలుసుకోండి.

రెండవ సమాధానం

బరువు మోయించే ఉపాయం బాగానే ఉంది కానీ, నడుము నొప్పికి అది మందు కాదు. మీరు ఎలక్ట్రిక్ సైకిల్ తీసుకోండి. ఐరోపాలో వీటి మోటారు 250 వాట్లకు మించదు, గంటకు 25 కిలోమీటర్ల వేగం దాటగానే సాయం ఆపేస్తుంది, మీరు తొక్కితేనే అది తోడు వస్తుంది. కాబట్టి ఇది దొంగదారి అనేవారి మాట పట్టించుకోనవసరం లేదు. విమానంలో వెళ్లేటట్లయితే మాత్రం దాన్ని వెంట తీసుకుపోలేరు. సామర్థ్యం 160 వాట్-అవర్లు దాటిన లిథియం బ్యాటరీని ప్రయాణికుల విమానాల్లో అనుమతించరు, ఈ సైకిళ్ల బ్యాటరీలు సాధారణంగా అంతకు రెండు మూడింతలు ఉంటాయి. అక్కడే అద్దెకు తీసుకోవలసిందే. పిల్లల కొలతల సైకిళ్లు, ట్రైలర్లు తక్కువగా ఉంటాయి కనుక వాటిని ముందుగా చెప్పి ఉంచుకోండి.

ఇద్దరూ ఒకే బండి తొక్కే టాండమ్ గురించి ఎవరో ఒకరు తప్పక చెబుతారు. దానిమీద ఎవరూ వెనకబడరన్నది నిజమే. అయితే హ్యాండిల్, బ్రేకులు, గేర్లు ముందున్నవారి చేతిలోనే ఉంటాయి, సాధారణంగా ఇద్దరి పెడళ్లూ ఒకే గొలుసుతో కలిసి తిరుగుతాయి. సెలవులకు ముందు ఒకటి రెండుసార్లు తొక్కి చూడకుండా దానికి ఒప్పుకోకండి.

మూడవ సమాధానం

దారి సరిగ్గా ఎంచుకుంటే పై చిక్కుల్లో సగం తీరిపోతాయి. పిల్లలతో వెళ్లేవారికి నది ఒడ్డు దారులు, రైళ్లు ఆగిపోయిన పాత రైలు మార్గాలు శ్రేష్ఠం. ఆవిరి ఇంజిన్లు నిటారు ఎక్కుళ్లు ఎక్కలేవు కనుక ఆ మార్గాలను మెల్లని వాలుతో వేశారు. న్యూజిలాండ్‌లో 1990లో మూసేసిన రైలు మార్గాన్ని 2000లో ఒటాగో సెంట్రల్ రైల్ ట్రైల్ అనే సైకిల్ దారిగా తెరిచారు. 152 కిలోమీటర్ల ఆ దారిలో మోటారు వాహనాలకు చోటు లేదు.

డాన్యూబ్ నది వెంట జర్మనీలోని పాసౌ నుంచి ఆస్ట్రియా రాజధాని వియన్నా వరకు ఉన్న 300 కిలోమీటర్ల పైచిలుకు దారి కుటుంబాలకు బాగా అలవాటైనది. గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది కనుక నది వాలున, తూర్పు దిశగా తొక్కితే వీపున గాలి తోడుంటుంది. అలసిన రోజున ఎక్కడానికి రైళ్లు, పడవలు చాలాచోట్ల అందుబాటులో ఉంటాయి. మీ దూరపు లెక్కకు ఒక వారంలో మొత్తం పూర్తి కాదు, సగం చేసినా నష్టం లేదు. జపాన్‌లో ఒనోమిచి నుంచి ఇమబరి వరకు దీవుల మీదుగా సాగే సుమారు 70 కిలోమీటర్ల షిమనామి కైదో మరీ అందమైనది కానీ, ఓడలు కిందుగా పోవడానికి వంతెనలను ఎత్తుగా కట్టారు కాబట్టి ప్రతి వంతెన దగ్గరా ఎక్కుడు తప్పదు. బాబుకు అది పరీక్షే.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ట్రైలర్ మాట వినగానే మా వారు ఉత్సాహపడ్డారు, అరవై కూడా నలభైకి దిగింది. ఇక నలుగురం ఏ వరసలో వెళ్లాలో చెప్పగలరా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

మీరు ముందు, బాబు మధ్యలో, ట్రైలర్‌తో మీ వారు వెనక ఉండండి. మెల్లగా తొక్కేవారు ముందుంటే వేగం దానంతటదే కుదురుతుంది, బాబు ఎప్పుడూ ఒక పెద్దవారి కంటి ముందే ఉంటాడు. వెనక నుంచి వచ్చే వాహనాలకు కనిపించేలా ట్రైలర్‌కు పొడవాటి కర్రతో జెండా కట్టండి. నలభైని ముప్పై అయిదు చేయడానికి ఇంకా గడువుంది.