చెరపడమా, చెరచడమా?

మా ఆఫీసులో కొత్తవాళ్ల కోసం బ్యాకప్ పనులు తెలుగులో రాసి పెడుతున్నాను. మేం వాడేది బాక్యులా అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్. దాని క్యాటలాగు, అంటే బ్యాకప్‌ల చిట్టా ఉండే డేటాబేసు, పాడైతే టేబుళ్లన్నీ తీసేసి ఖాళీవి మళ్లీ కట్టుకోవాలి. దానికి 'క్యాటలాగు చెరిపేయండి' అని రాశాను. అప్పట్నుంచీ 'చెరపకురా చెడేవు' చెవిలో మోగుతోంది. ఆ చెరపడమూ, పలక మీద చెరపడమూ ఒకటేనా?

— కానేకాదు. చెరుగుకి చెరుపు, చెడుకి చెఱచు. రెండోదానిలో బండిర (ఱ). సామెత అసలు రూపం 'చెరచకురా' అని నా నమ్మకం. నోళ్లలో నలిగి 'చ' కాస్తా 'ప' అయింది.

— మాస్టారూ, 'చ'తో పనేముంది? జలుబులో పెరుగు చెరుపు చేస్తుందని మా నాయనమ్మ రోజూ అనేది. కీడు అనే అర్థంలో 'ప' ఉండనే ఉంది కదా.

— ముందు పని సంగతి చూడండి. క్యాటలాగులో ఉండేది ఏ ఫైలు ఏ టేపులో ఉందన్న ఆచూకీ. అది ఖాళీ అయినా టేపులో సరుకు చెక్కుచెదరదు. కాకపోతే పాత ఫుల్ బ్యాకప్ జాడ దొరక్క, ఇంక్రిమెంటల్ (మారిన ఫైళ్లు మాత్రమే) అడిగినా మళ్లీ ఫుల్లే తీస్తుంది. ఒకసారి బాక్యులావాళ్ల పనిముట్టు బీస్కాన్‌తో టేపులు ఒక్కొక్కటే చదివించి క్యాటలాగు నిలబెట్టాను. రెండు రాత్రులు డ్రైవు గరగర వింటూ పక్కనే కూర్చున్నాను. 'చెరిపేయండి' అని చదివితే కొత్త కుర్రాడు టేపులే తుడిచేస్తాడు తమ్ముడూ. 'చిట్టా తిరగరాయండి' అను.

— తిరగరాయడం అంటే పోతన గుర్తొచ్చాడు. భాగవతంలో శిథిలమైనచోట ఐదో స్కంధం గంగన, ఆరోది సింగన, చివరివి నారయ పూరించారు. అక్కడ పోయింది చిట్టా కాదు, సరుకే. ఆ ఆరో స్కంధం తీరిగ్గా చదివినవాళ్లున్నారా ఇక్కడ? పోతన వెలుగులో సింగన కనబడకుండా పోయాడని నాకెప్పుడూ బాధే.

— చదివాను, మళ్లీ చదువుతాను కూడా. కానీ తాటాకు మీద గంటంతో గీసింది చెరగదండీ, మసి పూస్తే ఇంకా తేలుతుంది. చెరపడమనేది వీధిబడి ఇసుకలో పుట్టిన మాట అంటాను. అక్షరం దిద్దడం, అరచేత్తో చెరపడం, మళ్లీ దిద్దడం. అందులో కీడు లేదు. క్యాటలాగుకి సరిగ్గా అతుకుతుంది.

— ఇసుకదాకా వెళ్లాం గానీ బండిర తేల్చలేదు మాస్టారూ. ప్రస్తుతానికి 'ఖాళీ చేసి మళ్లీ కట్టండి' అని మార్చాను. మరి చేటతో బియ్యం చెరగడంలో ఏ ర?