‘అదృష్టవంతుడు’ విశేషణమా, నామవాచకమా?

ప్రశ్న (తెలుగు_తరగతి):
అందరికీ నమస్కారం. ఉన్నత పాఠశాల పిల్లలకు భాషాభాగాలు బోధిస్తున్నాను. అభ్యాసం కోసం ఒకే కుటుంబానికి చెందిన అదృష్టం, అదృష్టవంతుడు, అదృష్టవశాత్తు, దురదృష్టకరం అనే మాటలు ఇచ్చాను. ఇంగ్లీషు తరగతిలో విశేషణం ఇచ్చి దాని నుంచి భావనామం (గుణాన్నో, స్థితినో, పనినో తెలిపే నామవాచకం) తయారుచేయమంటారు కాబట్టి, చాలామంది పిల్లలు ‘అదృష్టవంతుడు’ విశేషణమనీ, ‘అదృష్టం’ దాని నుంచి పుట్టిన భావనామమనీ రాశారు. దీన్ని సరిదిద్దాలా, వదిలేయవచ్చా? సౌభాగ్యం, దౌర్భాగ్యం అనే మాటలు ఈ వరుసలో ఎక్కడ చేరతాయో కూడా చెప్పగలరు.

జవాబు (పాత_నిఘంటువు):
సరిదిద్దాలండీ, ఎందుకంటే ఇక్కడ క్రమం తలకిందులైంది. ముందున్నది ‘అదృష్టం’ అనే భావనామమే. దానికి ‘కలవాడు’ అనే అర్థమిచ్చే ప్రత్యయం చేరి ‘అదృష్టవంతుడు’ ఏర్పడింది. బలం నుంచి బలవంతుడు, గుణం నుంచి గుణవంతుడు వచ్చిన దారి ఇదే.

ఇక భాషాభాగం మాటకొస్తే, సంస్కృతంలో ఇటువంటి పదం విశేషణమే అయినా, తెలుగు వాక్యంలో అది నామవాచకంలా నడుస్తుంది. ‘మంచి’ అనే విశేషణం మంచి బాలుడు, మంచి బాలిక, మంచి పిల్లలు అన్నప్పుడు ఎక్కడా మారదు. అదృష్టవంతుడు మాత్రం అదృష్టవంతురాలు, అదృష్టవంతులు అని లింగవచనాలను బట్టి మారుతుంది, ‘అదృష్టవంతుడికి’, ‘అదృష్టవంతుడితో’ అని విభక్తులనూ తీసుకుంటుంది. విశేషణంగా వాడాలంటే ‘అదృష్టవంతుడైన రాజు’ అని ‘ఐన’ చేర్చక తప్పదు. ‘నేను అదృష్టవంతుణ్ణి’, ‘అదృష్టవంతుణ్ణి చూశాను’ అనే రెండు వాక్యాలు పక్కపక్కన రాయించండి. రూపం ఒకటే అయినా మొదటిది ఉత్తమ పురుషలో చెప్పిన ఆఖ్యాతం, అంటే ‘నేను’ గురించి చెప్పే మాట, రెండవది ద్వితీయా విభక్తి. పిల్లలు ఇక్కడ తప్పకుండా తికమకపడతారు, పాఠమూ ఇక్కడే పండుతుంది.

‘అదృష్టం’ అంటే మొదట ‘కనబడనిది’ అనే అర్థం. న్యాయదర్శనం అనే ప్రాచీన తత్త్వశాస్త్రంలో అది పూర్వకర్మ మిగిల్చిన ఫలానికి పేరు; ఆ ఫలం మంచిదైనా కావచ్చు, చెడ్డదైనా కావచ్చు. తెలుగులో మాట మంచివైపుకే ఒరిగిపోయింది కాబట్టి, చెడ్డదానికి ముందు ‘దుర్’ చేర్చవలసి వచ్చింది.

జవాబు (సంధి_సమాసం):
సౌభాగ్యం విషయంలో మాత్రం మీ పిల్లలు రాసిన క్రమమే సరైనది. అక్కడ విశేషణం ముందు, భావనామం తర్వాత. ‘సుభగ’ నుంచి సౌభాగ్యం, ‘దుర్భగ’ నుంచి దౌర్భాగ్యం వచ్చాయి. సుందరం నుంచి సౌందర్యం వచ్చినప్పుడు మొదటి అచ్చుకే వృద్ధి (అ ఆగా, ఉ ఔగా మారడం వంటి మార్పు) జరుగుతుంది. ఇక్కడ ‘సు’ ‘సౌ’గానూ, ‘భ’ ‘భా’గానూ మారి రెండు చోట్లా వృద్ధి జరిగింది. చివర ‘భగ’ ఉన్న సమాసాలకు పాణిని ఇందుకోసం ప్రత్యేకంగా సూత్రమే చెప్పాడు.

‘నిర్భాగ్యుడు’, ‘అభాగ్యుడు’ అనేవి భాగ్యం లేనివాడు అనే అర్థంలో బహువ్రీహి సమాసాలు, కాబట్టి నిక్కమైన రూపాలు. ‘దౌర్భాగ్యుడు’ అన్నప్పుడు భావనామానికే ‘డు’ చేర్చి మనిషిని చేశాం. వ్యాకరణవేత్తలు ముఖం చిట్లించినా వాడుకలో అది స్థిరపడింది. పైగా అభాగ్యుడంటే జాలి, దౌర్భాగ్యుడంటే తిట్టు అనే తేడా కూడా వచ్చింది. శుభలేఖల్లో వధువు పేరుకు ముందు ‘చి.ల.సౌ.’ అని ఉంటుంది కదా, అందులోని ‘సౌ’ సౌభాగ్యవతే.

జవాబు (పల్లె_పలుకు):
‘అదృష్టవశాత్తు’ గురించి ఎవరూ రాయలేదు. ‘వశాత్’ అనేది సంస్కృత పంచమీ విభక్తి రూపం, అంటే ‘అదృష్టం కారణంగా’ అని అర్థం. లింగవచనాలను బట్టి మారదు కాబట్టి బడి వ్యాకరణంలో దీన్ని అవ్యయం కింద చేర్చవచ్చు. ‘అకస్మాత్తుగా’, ‘హఠాత్తుగా’ అనే మాటలను చూసి కొందరు ‘అదృష్టవశాత్తుగా’ అని రాస్తున్నారు, కానీ ఇక్కడ ‘గా’ అనవసరం. ‘మీతో పనిచేయడం అదృష్టంగా భావిస్తున్నాను’ అన్న వాక్యంలో ‘గా’ ఉన్నా అది క్రియ జరిగిన తీరును చెప్పడం లేదు, దేన్ని ఏమని భావిస్తున్నామో చెబుతోంది. ‘దురదృష్టకరం’ నామవాచకంలా నిలిచినా, ‘దురదృష్టకరమైన సంఘటన’ అన్నప్పుడు విశేషణమే.

అన్నీ సంస్కృత పదాలే ఎందుకు? ‘కలిసివచ్చు’ అనే అచ్చ తెలుగు క్రియనూ తీసుకోండి. ‘ఈ ఏడు వాడికి కలిసివచ్చింది’ అన్నది క్రియ, ‘కలిసిరావడం’ భావనామం. ‘కలిసొచ్చే కాలం వస్తే నడిచొచ్చే కొడుకు పుడతాడు’ అనే సామెతలో ‘కలిసొచ్చే’ విశేషణం చేసే పని చేస్తోంది.

తెలుగు_తరగతి:
ధన్యవాదాలు. రేపటి అభ్యాసంలో విడి పదాలు తీసేసి వాక్యాలే ఇస్తాను, సామెతనూ చేరుస్తాను. ‘తలరాత’ను కూడా ‘వ్రాయు’ అనే క్రియ నుంచి వచ్చిన నామంగా ఇదే పాఠంలో చెప్పవచ్చునా?

పల్లె_పలుకు:
చెప్పవచ్చు. మొదట ‘రాత’ను విడిగా చూపించి, తర్వాత ‘తల’తో సమాసం చేయించండి.