అప్‌డేట్: డైరెక్ట్ డ్రైవ్ టర్న్‌టేబులే కొన్నాను

తాతయ్య రికార్డుల కోసం బెల్టుతో పళ్లెం తిరిగే బెల్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్ (రికార్డ్ ప్లేయర్) కొనాలా, మోటారే నేరుగా పళ్లేన్ని తిప్పే డైరెక్ట్ డ్రైవ్ కొనాలా అని పోయిన నెల అడిగాను కదా. చివరికి ఆడియో-టెక్నికా ఎల్‌పీ120ఎక్స్ తీసుకున్నాను. ముల్లు నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ని పెంచే ఫోనో ప్రీయాంప్ లోపలే ఉంది కాబట్టి మా పాత యాంప్లిఫయర్‌కి నేరుగా కలిపేశాను. బెల్టు సాగిపోతుందన్న బెంగా లేదు.

టెన్షన్ పెట్టింది టోన్‌ఆర్మ్ (ముల్లును పట్టుకునే కడ్డీ) ఒక్కటే. మొదటిరోజు ముల్లు జారిపోతూనే ఉంది. వెనక బరువు తిప్పుతూ, ఆర్మ్ గాలిలో సమంగా తేలాక డయల్‌ని సున్నాకి పెట్టి, అక్కడినుంచి ముల్లు రికార్డు మీద మోపే బరువును 2 గ్రాములకు తెచ్చాక కుదిరింది. ఆర్మ్ రికార్డు మధ్యకు లాగకుండా చూసే యాంటీ-స్కేట్ డయల్ కూడా 2 మీదే పెట్టాను.

ఇంకో మాట. 78 స్పీడు (నిమిషానికి 78 చుట్లు) ఉంది కదా అని పాత లక్క రికార్డులను దీంతో వచ్చే ముల్లుతో వేయకండి. వాటి గాడి వెడల్పు ఎక్కువ, వేరే ముల్లు కావాలి. నాది ఆర్డర్ పెట్టాను. అప్పటిదాకా రోజూ రాత్రి ఎల్‌పీలే (33 స్పీడు వినైల్ రికార్డులే)!