నాన్న టాన్సిల్ క్యాన్సర్‌కి హెచ్‌పీవీ కారణమన్నారు, మీ అనుభవాలు చెప్పండి

వేకువ:
నాన్నకి 58 ఏళ్లు. సిగరెట్, మందు అలవాటు లేదు. గడ్డం గీసుకుంటుంటే మెడ పక్కన గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు కదా అని రెండు నెలలు యాంటీబయాటిక్స్‌తోనే గడిపేశాం. చివరికి బయాప్సీలో టాన్సిల్ క్యాన్సర్, పీ16 పాజిటివ్ (హెచ్‌పీవీ వైరస్ వల్ల వచ్చిందనడానికి గుర్తు) అని తేలింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్ గొంతులోకి ఎలా వచ్చింది? ఆ రిపోర్ట్ చూసినప్పటి నుంచి అమ్మ నాన్నతో మాట్లాడటం లేదు. అదే ఎక్కువ బాధగా ఉంది.

నీలిమబ్బు:
నాది నాలుక మొదట్లో వచ్చింది. ట్రీట్‌మెంట్ అయి నాలుగేళ్లు. నాకూ మొదట కనిపించింది మెడలో గడ్డే. ముందు అమ్మగారికి ఈ మాట చెప్పండి: వైరస్ ఎప్పుడు, ఎవరి నుంచి సోకిందో ఏ పరీక్షా చెప్పలేదు. ఎక్కువగా నోటి ద్వారా జరిగే లైంగిక సంబంధం వల్లే సోకుతుంది, నిజమే. కానీ క్యాన్సర్‌గా మారడానికి పదేళ్లు, ఇరవై ఏళ్లు, ఇంకా ఎక్కువే పట్టవచ్చు. పెళ్లికి ముందుదీ కావచ్చు. చాలామందిలో ఒకటి రెండేళ్లలో ఒంట్లో నుంచి దానంతటదే పోతుంది, ఎవరికీ తెలియను కూడా తెలియదు. మా ఇంట్లో ఈ విషయం డాక్టరే ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు. అప్పుడుగానీ మా ఆవిడ మనసు కుదుటపడలేదు.

తెల్లకోటు:
క్యాన్సర్ వార్డులో నర్సుని. ఈ కేసుల్లో చాలావరకు హెచ్‌పీవీలో టైప్ 16 అనే రకం వల్లే. టాన్సిల్ ముడతల్లో చేరి, కణాలు అదుపు తప్పకుండా కాపాడే ప్రోటీన్లను దెబ్బతీస్తుంది. పొగాకు వల్ల వచ్చే వాటికన్నా ఇవి చికిత్సకు బాగా లొంగుతాయి, అందుకే స్టేజింగ్ (ఎంత ముదిరిందో లెక్కకట్టడం) కూడా వేరుగా చేస్తారు. అలాగని మందు తగ్గించమని అడగకండి. రేడియేషన్‌తో పాటు ఇచ్చే కీమో మందు సిస్‌ప్లాటిన్ బదులు, దుష్ప్రభావాలు తక్కువ ఉంటాయనుకున్న సెటుక్సిమాబ్ అనే మందు ఇచ్చి చూసిన పరీక్షల్లో ఫలితాలు తగ్గాయని 2018లో తేలింది. రేడియేషన్‌కి ముందే పళ్లు చూపించండి. మింగే వ్యాయామాలు మొదటి రోజు నుంచే చేయించండి, నొప్పి మొదలయ్యాక చేయడం చాలా కష్టం.

చిగురు:
మా బాబుకి 12. అబ్బాయిలకీ వ్యాక్సిన్ వేయించాలా?

తెల్లకోటు:
వేయించండి. వైరస్ సోకకముందు వేస్తేనే పూర్తి ఉపయోగం, ఉన్న క్యాన్సర్‌ని అది తగ్గించదు. గర్భాశయ ముఖద్వారానికి చేసే పాప్ స్మియర్ లాంటి ముందస్తు పరీక్ష గొంతుకి లేదు, కాబట్టి టీకా ఇంకా ముఖ్యం.

వేకువ:
నీలిమబ్బు గారూ, మీ పోస్ట్ అమ్మకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. రేపు డాక్టర్ దగ్గరికి తనూ వస్తానంది.