‘కని కల్ల నిజము’: ఈ ‘కని’ సంగతి కాస్త తేల్చండి

గణభంగం:
నెట్‌వర్క్‌లో సమాచారానికి రూటర్లు దారి ఎలా చూపిస్తాయో, ఆ రూటింగ్ మీద పిల్లలకి పాఠం రాస్తున్నాను. డిస్టెన్స్ వెక్టర్ భాగానికి ముందు ‘వినదగు నెవ్వరు చెప్పిన’ పద్యం పెట్టాలనిపించింది. పక్క రూటర్ ‘ఫలానా చోటు నాకు ఇంత దూరం’ అంటే, దానికి ఒకటి కలిపి రాసుకోవడమే కదా అక్కడి పని. తీరా రాయబోతే రెండో పాదం దగ్గర పెన్ను ఆగింది. ‘వినినంతనె వేగపడక’నా, ‘వేగిరపడక’నా? నోటికి మాత్రం రెండోదే వస్తోంది.

అరసున్న:
వేగపడక. గణాలు వేసుకోండి: వినినం, తనెవే, గపడక, వివరిం, పదగున్. ఆరో గణం నలం, ఎక్కడా ఇబ్బంది లేదు. మధ్యలో ‘ర’ చేరిందంటే కందం కుంటుతుంది. అది సరే, అసలు ఈ పద్యం మీ పాఠానికి అతుకుతుందా? ‘వివరింపదగున్’ అంటే ఇక్కడ విడమరిచి చెప్పడం కాదు, విచారించి చూడటం. మీ డిస్టెన్స్ వెక్టర్ చేయనిదల్లా ఆ ఒక్క పనే.

పదహారో మెట్టు:
అరసున్న గారి మాటకి నాదీ ఓటు. అ, ఆ, ఇ మూడు రూటర్లు వరసగా ఉన్నాయనుకోండి. ఇ వైపు లింకు తెగింది. ‘ఆ’ రూటర్ ఆ సంగతి చెప్పేలోపే ‘అ’ నుంచి కబురొచ్చింది, ‘ఇ నాకు రెండు మెట్ల దూరం’ అని. ఆ రెండు మెట్ల లెక్క ‘ఆ’ దగ్గర విన్నదే అని ‘అ’ చెప్పదు, చెప్పే వీలూ లేదు. ‘ఆ’ సంబరంగా మూడు అని రాసుకుంటుంది. అది విని ‘అ’ నాలుగంటుంది. ఇలా ఒకరి మాట ఒకరు నమ్ముకుంటూ అంకె పెరుగుతూ పోతుంది. డిస్టెన్స్ వెక్టర్ పద్ధతిలో నడిచే రిప్‌లో (RIP) 16 అంటే ‘దారి లేదు’ అని లెక్క కాబట్టి అక్కడ ఆగుతుంది. 30 సెకన్లకోసారి మాట్లాడుకునే రూటర్లు ఇలా మొదలుపెడితే ఎంతసేపు పడుతుందో మీరే చూసుకోండి.

గణభంగం:
అందుకే కదండీ ఆ పద్యం. ఎవరి దగ్గర విన్నామో వాళ్లకే తిరిగి చెప్పకూడదన్న స్ప్లిట్ హొరైజన్ ఉంది. దారి పోయిందని తెలిశాక, మళ్లీ ఉందని ఎవరన్నా కొంతసేపు పట్టించుకోని హోల్డ్‌డౌన్ ఉంది. ‘వేగపడక’ అంటే హోల్డ్‌డౌనే!

పదహారో మెట్టు:
స్ప్లిట్ హొరైజన్ ఇద్దరి మధ్య గొడవనే తీరుస్తుంది. ముగ్గురు చుట్టూ చేరితే మళ్లీ మొదటికే. ఇక ‘వేగపడక’ మంచి కబురుకి బాగానే ఉంది. చెడ్డ కబురు వినినంతనె వేగపడాలి. ట్రిగర్డ్ అప్‌డేట్ పెట్టింది అందుకే, 30 సెకన్లు ఆగకుండా వెంటనే చెప్పెయ్యమని.

నన్నెచోడుడి పక్కింటివాడు:
మీరంతా రెండో పాదం దగ్గరే కూర్చున్నారు. కీలకం మూడో పాదంలో ఉంది: ‘కని కల్ల నిజము దెలిసిన’. విని కాదు, కని. డిస్టెన్స్ వెక్టర్ వినేది. లింక్ స్టేట్ కనేది. మొదటి రకం పక్కవాళ్లకి లోకం గురించి చెబుతుంది, రెండోది లోకానికి పక్కవాళ్ల గురించి చెబుతుంది. లింక్ స్టేట్ పద్ధతిలో నడిచే ఓఎస్‌పీఎఫ్‌లో (OSPF) ప్రతి రూటరూ తన కళ్లముందున్న లింకుల సంగతే చాటుతుంది. అవన్నీ పోగేసి ఎవరి పటం వాళ్లు గీసుకుని దగ్గరి దారి తేల్చే డైక్‌స్ట్రా లెక్క వేసుకుంటారు. పద్యం పెడితే ఆ భాగానికి పెట్టండి.

అరసున్న:
‘కని’కి అంత బరువు వద్దండీ. కనుట అంటే కంటితో చూడటమే కానక్కర్లేదు, తెలుసుకోవడం కూడా. పైగా లింక్ స్టేట్‌లోనూ కళ్లతో చూసేది సొంత లింకులే, మిగతాదంతా విన్నదేగా?

నన్నెచోడుడి పక్కింటివాడు:
విన్నదే. కానీ చూసినవాడి సాక్ష్యం అక్షరం మారకుండా వస్తుంది, మధ్యవాడి తీర్పు కాదు. తీర్పు మనం చెప్పుకుంటాం. తేడా అంతా అక్కడే ఉంది.

పదహారో మెట్టు:
అక్షరం మారకుండానా? 1980 అక్టోబరు 27న ఇంటర్నెట్‌కి ముందుతరం నెట్‌వర్క్ ఆర్పానెట్ గంటల తరబడి పడుకున్నది ఆ ధీమాతోనే. అప్పటికి వాళ్లు పాత డిస్టెన్స్ వెక్టర్ మానేసి అచ్చం మీరు చెప్పిన పద్ధతికి వచ్చారు. ఒకే నోడ్ పేరుతో మూడు కబుర్లు తిరగడం మొదలుపెట్టాయి, వాటి వరస సంఖ్యలు 8, 40, 44. అసలు సంఖ్య 44. మెమరీలో బిట్లు రాలి, 101100 కాస్తా 101000 అయింది, ఆపై 001000 అయింది. సంఖ్యకి ఉన్నవి ఆరు బిట్లే, 63 తర్వాత మళ్లీ సున్నా. ఆ గుండ్రటి లెక్కలో 40 కంటే 44 కొత్తది, 8 కంటే 40 కొత్తది, 44 కంటే 8 కొత్తది! ప్రతి నోడూ ‘ఇది కొత్త కబురు’ అనుకుని మిగతావాటికి పంచుతూనే ఉంది. చివరికి ఆ నోడ్ మాట వినొద్దని అన్నిటికీ ప్యాచ్ వేయాల్సి వచ్చింది. ‘వినదగు నెవ్వరు చెప్పిన’ అన్న మొదటి పాదాన్నే కొట్టేశారన్నమాట.

వేలికొస పెద్ద:
మీరు ‘విని’కి ‘కని’కి కొట్టుకుంటున్నారు గానీ, డిస్టెన్స్ వెక్టర్‌కి తగిన మాట పోతన గారు ఎప్పుడో ఇచ్చేశారు. ‘పలికెడిది భాగవతమఁట, పలికించు విభుండు రామభద్రుండఁట, నేఁ బలికిన భవహర మగునఁట’. మూడు అటలు! ఈ బరువంతా ‘అట’లో ఉంది, తన మాట కాదు, విన్న మాట అని పద్యంలోనే ఒప్పుకుంటాడు. రిప్ పట్టీలో ఒక్క ‘అట’ కూడా ఉండదు. విన్నదాన్ని తన సొంతమన్నట్టు చెబుతుంది. ఎంత అణకువ అండీ ఆ ‘అట’లో! రోజూ పొద్దున్నే ఒకసారి చదువుకుంటాను.

అరసున్న:
ఆ ‘అట’ అణకువా, ఆశ్చర్యమా? నాకైతే ఆశ్చర్యమే వినిపిస్తుంది.

వేలికొస పెద్ద:
రెండూ. కానీ ముందు అణకువ.

గణభంగం:
పెద్ద పెద్ద నెట్‌వర్కులు ఒకదానికొకటి దారులు చెప్పుకునే బీజీపీలో (BGP) ‘అట’ ఉందిగా? ప్రతి దారికీ ఏఎస్ పాత్, అంటే కబురు ఏ ఏ నెట్‌వర్కుల మీదుగా వచ్చిందో ఆ నంబర్ల వరస, తగిలించి పంపుతారు. ‘వీడు వాడి దగ్గర విన్నాడట, వాడు మరొకడి దగ్గర విన్నాడట’ అని వరసంతా కనిపిస్తుంది. అందులో తన నంబరే కనబడితే ఆ దారిని పక్కన పడేస్తారు. మీ అ, ఆ, ఇల గోల అక్కడ రాదు.

పదహారో మెట్టు:
వరస కనిపిస్తుంది, నిజం కనిపించదు. 2008 ఫిబ్రవరి 24న పాకిస్తాన్ టెలికాం తమ దేశంలో యూట్యూబ్ ఆపడానికని 208.65.153.0/24 తమదన్నట్టు ప్రకటించింది. యూట్యూబ్ అప్పటికి ప్రకటిస్తున్నది 208.65.152.0/22. /22 కంటే /24 ఇరుకైన చిరునామా; రెండు దారుల్లో ఇరుకైనదానికే రూటర్ మొగ్గుతుంది. పైనున్న ప్రొవైడర్ వివరింపక వేగపడి ఆ కబురు లోకానికి అందించేసరికి దాదాపు రెండు గంటలు యూట్యూబ్‌కి వెళ్లాల్సినదంతా అటు మళ్లింది. మూడు పాదాలూ తప్పారు. ఇప్పుడున్న ఆర్‌పీకేఐ, మొదట ప్రకటించినవాడికి ఆ చిరునామా మీద హక్కుందా లేదా అని చూస్తుంది. మధ్యలో మోసుకొచ్చినవాళ్ల జోలికి పోదు.

నన్నెచోడుడి పక్కింటివాడు:
అదిగో, హక్కు చూడటమే ‘కని’!

అరసున్న:
కాదు, అది ‘వివరింప’. పత్రం తెచ్చి పోల్చి చూడటం విచారణే. ‘కని’ దాని తర్వాతి మెట్టు.

నన్నెచోడుడి పక్కింటివాడు:
మెట్టు అంటే గుర్తొచ్చింది, ‘కని’ క్త్వార్థకం కదా. కని, తర్వాత తెలియడం. ముందు ఏం కన్నట్టు? కల్లనా, నిజాన్నా?

అరసున్న:
రెండింటినీ. ‘కల్ల నిజము’ ద్వంద్వం.

గణభంగం:
ఇంతకీ పద్యం ఏ భాగానికి పెట్టను?

వేలికొస పెద్ద:
ద్వంద్వమే అయితే ‘కల్ల’ మీద సముచ్చయం ఎక్కడికి పోయింది అరసున్న గారూ?