తుపాను గాలికి ఒక్క అంకె సరిపోతుందా? తోట పడితే ఎవరి లెక్క నిలవాలి?

హాలియా బత్తాయి: తుపాను వస్తే టీవీలో 'గంటకు 100 కిలోమీటర్ల గాలులు' అని ఒకే అంకె తిప్పితిప్పి చూపిస్తారు. అది తీరంలో గాలా, మన దగ్గరి గాలా, చెప్పరు. పోయినసారి నా తోటలో గట్టు వైపు రెండు వరుసల చెట్లు వేళ్లతో సహా లేచాయి. పక్క చెలకలో కొమ్మ కూడా విరగలేదు. బీమా వాళ్లు మండలంలో ఉన్న గాలి కొలిచే యంత్రం చూసి 'గాలి హద్దు దాటలేదు, డబ్బులు రావు' అన్నారు. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. గాలి ఊరూరికీ మారేటప్పుడు ఒక్క అంకెతో నా నష్టం ఎట్ల తేలుస్తారు?

పాలమూరు పిల్లగాడు: ఊరూరికీ ఏంది అన్నా, మడిమడికీ మారుతది.

లెక్కల మాస్టారు: అంకె తప్పు కాదు, దాన్ని ఎక్కడిదని చదువుతున్నామో అది ముఖ్యం. మన వాతావరణ శాఖ చెప్పేది మూడు నిమిషాల సగటు గాలి. అదీ తుపాను మొత్తంలో ఎక్కడ ఎక్కువ ఉంటే అక్కడిది. అది గంటకు 89 నుంచి 117 కిలోమీటర్ల దాకా ఉంటే తీవ్ర తుపాను అంటారు. అంత గాలి తుపాను కన్ను చుట్టూ ఉండే మేఘాల గోడ దగ్గరే ఉంటుంది. కంటి నడుమ గాలి దాదాపు ఉండదు, గోడ దాటి బయటికి పోయేకొద్దీ తగ్గుతుంది. ఎట్లా తగ్గుతుందో లెక్క కట్టడానికి 1980లో గ్రెగ్ హాలండ్ అనే వాతావరణ శాస్త్రవేత్త ఒక సూత్రం ఇచ్చారు. నడుమ పీడనం, బయటి పీడనం, గరిష్ఠ గాలి కేంద్రానికి ఎంత దూరంలో ఉంది, 'బి' అనే ఇంకో అంకె, ఇవి ఇస్తే గాలి పటం వస్తుంది. 'బి' పెద్దదైతే గాలి గోడ దగ్గరే బలంగా ఉండి బయట త్వరగా పడిపోతుంది. దానికి తుపాను నడక వేగం కలపాలి. మన వైపు తుపాను కదిలే దిక్కుకు కుడి పక్కన గాలి ఎక్కువ. బాపట్ల దగ్గర తీరం దాటి ఉత్తరానికి పోయే తుపానుకు నల్గొండ వైపు ఉన్న మనం ఎడమ పక్కన ఉంటాం.

గుంటూరు అల్లుడు: అమెరికా వాళ్ల సైట్‌లో అదే తుపానుకు ఎక్కువ వేగం ఉంటుంది. మనవాళ్లు కావాలనే తగ్గించి చెప్తారు.

లెక్కల మాస్టారు: అది ఒక నిమిషం సగటు సార్. తక్కువ సేపు సగటు తీస్తే అంకె పెద్దగానే వస్తుంది.

గుంటూరు అల్లుడు: గాలి ఒకటే అయినప్పుడు అంకెలు రెండెందుకు? అదే నా ప్రశ్న.

మిర్యాలగూడ వరి: మీకు గాలి గోల, మాకు వాన గోల. 2020 అక్టోబరులో కాకినాడ దగ్గర దాటింది తుపాను కూడా కాదు, తీవ్ర వాయుగుండం. గాలి లెక్కలో చిన్నదే. హైదరాబాద్‌ను ముంచింది. మోంథా తుపాను నర్సాపురం దగ్గర దాటితే మునిగింది వరంగల్.

లెక్కల మాస్టారు: అవును, ఏ రెండూ ఒక తీరుగా ఉండవు. 1974లో ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరాన్ని కొట్టిన ట్రేసీ తుపానులో పెనుగాలి కేంద్రం నుంచి 50 కిలోమీటర్లు కూడా దాటలేదు. 1979 నాటి టిప్ తుపానులో సుమారు 1,100 కిలోమీటర్ల దాకా వీచింది.

హాలియా బత్తాయి: డార్విన్ వదిలిపెట్టండి సార్. హాలియాకు ఎంత వస్తది?

లెక్కల మాస్టారు: మచిలీపట్నం నుంచి మీకు 200 కిలోమీటర్ల పైమాట. తీరంలో 100 ఉన్న తుపాను గంటకు 15 కిలోమీటర్లు నడుస్తూ నేరుగా మీ మీదికే వచ్చిందనుకుందాం. నేల మీద గాలి ఎట్లా తగ్గుతుందో కాప్లాన్, డిమేరియా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1995లో ఒక సూత్రం ఇచ్చారు. దాని ప్రకారం మిగిలేది 60 దరిదాపు. అమెరికా తుపానుల మీద కట్టిన సూత్రమది, మనకు అచ్చంగా సరిపోతుందని అనను.

హాలియా బత్తాయి: అరవైకే చెట్టు లేస్తదా?

లెక్కల మాస్టారు: అరవై సగటు. నడుమ నడుమ వచ్చే విసురు దానికన్నా చాలా ఎక్కువ ఉంటుంది. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు. పైగా నేల నానితే వేరుకు పట్టు ఉండదు.

హాలియా బత్తాయి: చూశారా! విసురు బీమా హద్దులో లేదు, నానిన నేల లేదు, గట్టు లేదు. మీ సూత్రానికి అన్నీ తెలుసు, నా తోట తప్ప. మనిషి వచ్చి చూడాలి. పడ్డ చెట్టు కళ్ల ముందు ఉంటే దానికి లెక్కలెందుకు?

కొల్లాపూర్ మామిడి: మాకు తుపాను దాకా ఎందుకు, ఏప్రిల్ గాలిదుమారం చాలు. పది నిమిషాల్లో కాయంతా నేల మీద.

లెక్కల మాస్టారు: మనిషి వచ్చి చూడాలా? మా నాయన కౌలుకు చేసేవాడు. కోతకొచ్చిన వరి పడిపోయింది. అధికారి వచ్చాడు, రోడ్డు పక్క నాలుగు మడులు చూశాడు, నష్టం 33 శాతం దాటిందని పట్టాదారు పేరు రాసుకొని పోయాడు. డబ్బు ఆయన ఖాతాలో పడింది. మా మడి దాకా దిగనే లేదు. యంత్రానికి చుట్టాలుండరు. నేను లెక్క కావాలనేది అందుకే, హాలండ్ మీద ప్రేమతో కాదు.

హాలియా బత్తాయి: ఆ మాట మొదలే చెప్తే ఇంత లొల్లి ఉండేది కాదు. అయితే మీ కొట్లాట పట్టాతో, నాతో కాదు. రేపు యంత్రం లెక్కతో డబ్బు వచ్చినా పట్టాదారుకే పోతది.

లెక్కల మాస్టారు: పోనీ. వచ్చేదీ రానిదీ అన్నా ఒకరి దయ మీద ఉండదు.

హాలియా బత్తాయి: ఆ యంత్రం ఎక్కడ పాతాలో ఒకరి దయ మీదే ఉంది సార్. మా దగ్గర రెండంతస్తుల బంగ్లా వెనకాల, నా నెత్తికి కొంచెం పైన తిరుగుతుంటది.

లెక్కల మాస్టారు: గాలిని 10 మీటర్ల ఎత్తున, చుట్టూ ఖాళీ జాగాలో కొలవాలి. బంగ్లా వెనకాల కొలిచేది గాలి కాదు, గోడ చాటు. ఫోటో పెట్టండి, ఫిర్యాదు నేనే రాస్తా. యంత్రాన్ని మార్చమని రాస్తా, అధికారిని పంపమని మాత్రం రాయను.

గుంటూరు అల్లుడు: అమెరికా సైట్ సంగతి ఎవరూ తేల్చలేదు.

హాలియా బత్తాయి: ఫోటో రేపు పొద్దున పెడతా. ఫిర్యాదులో రెండూ ఉంటేనే సంతకం పెడతా సార్. యంత్రం మారేసరికి ఇంకో తుపాను వస్తది, నా చెట్లు ఇప్పుడే పడి ఉన్నాయి.