కొట్టం అని రాయొచ్చా? మా తెలుగు అయ్యవారు చెప్పిన జవాబు

నిన్న ఇక్కడ ఒక చెల్లెలు అడిగింది: "మా నెల్లూరు వైపు గొడ్లను కట్టేసే చోటును కొట్టం అంటాం. కథలో అట్లాగే రాస్తే, అది గ్రామ్యం, పశువుల పాక అని మార్చమన్నారు. ఏది ఒప్పు?"

కొట్టమే ఒప్పమ్మా, మార్చొద్దు. తమిళంలో గొడ్లపాకను కొట్టిల్ అంటారు, కన్నడంలో కొట్టిగె అంటారు. మన కొట్టం వాటి తోబుట్టువు. పల్లెలో పలికినంత మాత్రాన అది తప్పుమాట అయిపోదు.

ఈ ధైర్యం నాకు ఇచ్చింది మా హైస్కూలు తెలుగు అయ్యవారు.

1986లో నేను తొమ్మిదో తరగతి. మాది కందుకూరు దగ్గర పల్లె, అప్పట్లో ప్రకాశం జిల్లా. అయ్యవారు ఇంట్లో ఎద్దుల గురించి వ్యాసం రాయమన్నారు. ఒంగోలు గిత్తల సీమ కదా, క్లాసులో సగం మంది ఇళ్లల్లో ఎద్దులు ఉండేవి. "పొద్దుగూకాక నాయన ఎద్దులను కొట్టంలో కట్టేసి కుడితి పెడతాడు" అని రాశాను. రాశాక టెన్షన్ పట్టుకుంది. ఆ మాట పాఠంలో ఎక్కడా చూసిన గుర్తు లేదు. కొట్టం మీద గీత పెట్టి, పైన పశువులశాల అని రాసి ఇచ్చాను.

నోటుపుస్తకం తిరిగొచ్చింది. పశువులశాల మీద ఎర్రసిరా గీత, పక్కన ఆయన గుండ్రటి అక్షరాలతో "కొట్టం". నన్ను లేపి నిలబెట్టారు.

"మీ నాయన ఎద్దుల్ని పశువులశాలలో కడతాడా అబ్బయ్యా?"

"లేదయ్యవారూ, కొట్టంలో."

"మరి అట్నే రాయి."

అంతటితో వదిలేసినా నాకు సరిపోయేది. ఆయన బోర్డు తుడిచి, అద్దంకి శాసనంలోని పద్యం రాయడం మొదలుపెట్టారు. 848 ప్రాంతంలో, తూర్పు చాళుక్యరాజు గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగడు గెలిచిన యుద్ధాల గురించి చెక్కించింది. నన్నయకు దాదాపు రెండు వందల ఏళ్ల ముందటి తెలుగు. "పట్టంబు గట్టిన ప్రథమంబు నేడు" దగ్గర మొదలై, మధ్యలో "బోయ కొట్టముల్ పండ్రెండు గొని" అని వచ్చేసరికి క్లాసంతా నా వైపు తిరిగింది.

వెంటనే ఆయనే చెప్పారు: ఈ కొట్టాలు గొడ్ల కొట్టాలు కావు, బోయల కోటలు, వాళ్ల స్థావరాలు. పండరంగడు పట్టుకున్నది పన్నెండు గొడ్లపాకల్ని కాదు. పేరు కలిసిందని అర్థం కలపకూడదు. మాట మీద ప్రేమ ఉంటే ముందు దాని అర్థం దగ్గర నిజాయితీగా ఉండాలన్నారు. ఇక్కడ చర్చల్లో నేను అంత పట్టుబట్టేది అందుకే.

ఆఖరి పాదం రాసి సుద్దముక్క పక్కన పెట్టారు:

కట్టెపు దుర్గంబు గడు బయల్సేసి
కందుకూర్బెజవాడఁ గావించె మెచ్చి

కట్టెపు దుర్గాన్ని నేలమట్టం చేసి, కందుకూరును బెజవాడంతటి ఊరుగా చేశాడని. మా కందుకూరు! మేము సంతకు, సినిమాకు, బస్సెక్కడానికి పోయే ఊరు పద్యంలో ఉంది. అది తరువోజ అనే ఛందస్సు అని చెప్పి, రెండు ద్విపద పాదాలు కలిపితే ఒక తరువోజ పాదం అవుతుందని చప్పట్లతో చదివించారు. కట్టెపు, గడు, కందు, గావించె. యతి పడే చోటల్లా ఒక చప్పట. యతి అంటే భయపడే వెనక బెంచీ వాళ్లే అందరికన్నా గట్టిగా కొట్టారు. ఈ పద్యం ఇప్పటికీ నేను మనసులో చదువుకోలేను, చేతులు కదలాల్సిందే.

గంట కొట్టేలోపు ఇంకో పని చేశారు. "మీ ఇంట్లో ఏమంటారు?" అని ఒక్కొక్కరినీ అడిగి, పలుపు, గాడి, వామి, కుడితి, దాలి అని బోర్డు నిండా రాశారు. ప్రతి మాట పక్కన చెప్పిన పిల్లవాడి ఊరు పేరు. అప్పటిదాకా క్లాసులో నోరెత్తని ఒక అమ్మాయి ఆరోజు నాలుగు మాటలు చెప్పింది. ఆ నాలుగింటి పక్కనా వాళ్ల ఊరి పేరు ఉండటం ఆమె చూసుకున్న తీరు నాకింకా కళ్లముందే ఉంది.

నేను తెలుగు పండితుణ్ణి కాలేదు, లెక్కల ఉద్యోగం నాది. కానీ ఆరోజు సాయంత్రం మొదలుపెట్టిన మాటల నోటుపుస్తకం ఇప్పుడు మూడోది నడుస్తోంది. ఊరు పేరు లేకుండా ఒక్క మాట కూడా రాయలేదు.

పోయిన సంక్రాంతికి అయ్యవారిని చూసొచ్చాను. చూపు తగ్గింది, గొంతు పట్టి గుర్తుపట్టారు. ఎద్దులున్నాయా అన్నారు. అమ్మేసి చాలా ఏళ్లయింది, కొట్టంలో ట్రాక్టరు పెడుతున్నాం అన్నాను.

"మరి దాన్నిప్పుడు ఏమంటారు?"

"ట్రాక్టరు కొట్టం అంటుంది అమ్మ."

"రాసుకున్నావా?" అన్నారు.